ఎలక్ట్రానిక్స్ ప్రశ్నలు – జవాబులు: బోర్డును రీసెట్ చేసిందెవరు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వాచ్‌డాగ్ టైమర్ చుట్టూనే ఉన్నాయి. ప్రోగ్రామ్ నిర్ణీత సమయంలోగా రిఫ్రెష్ చేయకపోతే ప్రాసెసర్‌ను రీసెట్ చేసే టైమర్ ఇది. డీబగ్గింగ్‌లో కొందరికి ఇది అడ్డం పడుతోంది, కొందరికి కావాలన్నప్పుడు పని చేయడం లేదు. రెంటికీ మందు ఒకచోటే ఉంది: ఏ కారణంతో రీసెట్ జరిగిందో చిప్ తనలోనే రాసి పెట్టుకుంటుంది. దాన్ని చదవకముందే కోడ్ మార్చడం మొదలుపెడితే రోజులు గడిచిపోతాయి. జవాబుల్లో పదహారు ఆధారంగా ఉన్న సంఖ్యల ముందు ‘హెక్స్’ అని రాశాం.

ప్రశ్న: మా కంట్రోల్ బోర్డులో ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ ఉంది. రీసెట్ బటన్ లేదు. ఎన్‌ఆర్‌ఎస్‌టీ (రీసెట్) పిన్ కనెక్టర్ దాకా రాలేదు. డీబగ్గర్ కలిపే ఎస్‌డబ్ల్యూడీ వైర్లు రెండూ, గ్రౌండూ మాత్రమే ఉన్నాయి. డీబగ్గర్ నుంచే ఇండిపెండెంట్ వాచ్‌డాగ్‌ను మొదలుపెట్టి రీసెట్ చేద్దామనుకున్నాను. డీబగ్గర్‌ను నడిపే ఓపెన్‌ఓసీడీ ప్రోగ్రామ్‌లో కోర్‌ను ఆపి, కీ రిజిస్టర్‌లో హెక్స్ సీసీసీసీ రాశాను. ఎంతసేపు చూసినా రీసెట్ కాలేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు కోర్‌ను ఆపి ఉంచడమే కారణం. ఈ వాచ్‌డాగ్‌కు సొంత ఆసిలేటర్ ఉంది, సుమారు 40 కిలోహెర్ట్జ్. మెయిన్ క్లాక్ ఆగిపోయినా అది నడుస్తుంది. అయితే డీబగ్ కంట్రోల్ రిజిస్టర్‌లో (హెక్స్ ఈ0042004) 8వ బిట్ 1గా ఉంటే, కోర్ ఆగినప్పుడల్లా వాచ్‌డాగ్ కౌంటర్ కూడా ఆగుతుంది. ఆ బిట్ మీరు పెట్టి ఉండకపోవచ్చు. ఎఫ్1 చిప్‌ల కోసం ఓపెన్‌ఓసీడీతో వచ్చే టార్గెట్ ఫైలే కనెక్ట్ కాగానే ఆ రిజిస్టర్‌లో హెక్స్ 307 బిట్లను పెడుతుంది. అంటే 0, 1, 2, 8, 9 బిట్లు. మీ వాచ్‌డాగ్ మొదలైంది, కానీ అక్కడే నిలబడిపోయింది.

ఈ వరుసలో చేయండి. ముందు రీసెట్ కారణాల ఫ్లాగులు చెరపాలి: క్లాక్ కంట్రోల్ స్టేటస్ రిజిస్టర్ (హెక్స్ 40021024) 24వ బిట్‌ను 1 చేస్తే పాత ఫ్లాగులన్నీ పోతాయి. ఇది మానేస్తే గతంలో జరిగిన రీసెట్ల గుర్తులు కూడా కలిసిపోయి, ఏది ఇప్పటిదో తెలియదు. తర్వాత కోర్‌ను ఆపి, హెక్స్ ఈ000ఈడీఎఫ్‌సీ రిజిస్టర్‌లో 0వ బిట్ పెట్టండి. రీసెట్ అయిన వెంటనే మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే కోర్‌ను పట్టి ఆపే బిట్ ఇది. దీనివల్ల మీ ఫర్మ్‌వేర్ ఫ్లాగులను చెరిపేలోగా మీరే చదువుకోవచ్చు. ఇప్పుడు హెక్స్ ఈ0042004లో 8వ బిట్ తీసేయండి. చివరగా హెక్స్ 40003000లో హెక్స్ సీసీసీసీ రాయండి.

ఇంతే చాలు, ప్రీస్కేలర్ (క్లాక్‌ను భాగించే సంఖ్య), రీలోడ్ (కౌంటర్ లెక్క మొదలుపెట్టే సంఖ్య) విలువలు ముట్టుకోనక్కరలేదు. రీసెట్ తర్వాత వాటి సహజ విలువలు 4, హెక్స్ ఎఫ్ఎఫ్ఎఫ్. 4096 × 4 ÷ 40,000 అంటే 0.41 సెకను. ఆ ఆసిలేటర్ 30 నుంచి 60 కిలోహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి 0.27 నుంచి 0.55 సెకను మధ్య రీసెట్ జరుగుతుంది. ఫర్మ్‌వేర్ ముందే పెద్ద సమయం పెట్టి ఉంటే మాత్రం ఆగాలి. గరిష్ఠం 40 కిలోహెర్ట్జ్ దగ్గర 26 సెకన్లు, ఆసిలేటర్ నెమ్మదిగా ఉన్న చిప్‌లో 35 సెకన్లు.

సమయం మార్చాలనుకుంటే ముందు సీసీసీసీతో మొదలుపెట్టి, ఆ తర్వాత హెక్స్ 5555తో తాళం తీసి, ప్రీస్కేలర్ (హెక్స్ 40003004), రీలోడ్ (హెక్స్ 40003008) రాసి, స్టేటస్ రిజిస్టర్ సున్నా అయ్యేదాకా ఆగి, హెక్స్ ఏఏఏఏ రాయండి. ఆ విలువలు లోపలికి చేరాలంటే వాచ్‌డాగ్ ఆసిలేటర్ నడుస్తుండాలి. అందుకే ఈ వరుస.

రీసెట్ అయ్యాక హెక్స్ 40021024 చదవండి. 29వ బిట్ ఉంటే అది ఇండిపెండెంట్ వాచ్‌డాగ్ పనే. దాంతోపాటు 26వ బిట్, అంటే పిన్ రీసెట్ ఫ్లాగ్ కూడా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. ఎఫ్103 లోపలి రీసెట్ ఏదైనా ఎన్‌ఆర్‌ఎస్‌టీ పిన్‌ను కనీసం 20 మైక్రోసెకన్లు కిందికి లాగుతుంది, ఆ లాగడాన్ని పిన్ రీసెట్‌గా కూడా నమోదు చేస్తుంది. కాబట్టి 26 ఒక్కటే ఉంటేనే బయటి రీసెట్ అనుకోవాలి. 27 పవర్ రీసెట్, 28 సాఫ్ట్‌వేర్ రీసెట్.

మీకు కావలసింది ఉత్త రీసెట్ అయితే ఇంత పని అక్కరలేదు. హెక్స్ ఈ000ఈడీ0సీలో హెక్స్ 05ఎఫ్ఏ0004 రాస్తే చాలు, సిస్టమ్ అంతా రీసెట్ అవుతుంది. పొలంలోనో ఫ్యాక్టరీలోనో బోర్డు హ్యాంగ్ అయినప్పుడు నిజంగా కోలుకుంటుందా, బూట్‌లోడర్ (అసలు ప్రోగ్రామ్ కన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) సరైన దారి పడుతుందా అని పరీక్షించడానికే వాచ్‌డాగ్ దారి పట్టాలి. ఒకటి మాత్రం చేయకండి: అదే రిజిస్టర్‌లో 05ఎఫ్ఏ0001 రాస్తే కోర్ ఒక్కటే రీసెట్ అవుతుంది, టైమర్లూ, డీఎంఏ (కోర్ ప్రమేయం లేకుండా ర్యామ్‌లో డేటా రాసే భాగం) పాత పని కొనసాగిస్తూనే ఉంటాయి. కొత్తగా మొదలైన ప్రోగ్రామ్ ర్యామ్‌ను సర్దుకుంటుంటే వెనక నుంచి డీఎంఏ అందులో రాస్తూ పోతుంది. ఫర్మ్‌వేర్‌లో లేని తప్పు కోసం వెతుకుతూ కూర్చోవాల్సి వస్తుంది.

డీబగ్ కంట్రోల్ రిజిస్టర్ మామూలు రీసెట్‌కు చెరిగిపోదు, పవర్ తీసి పెడితేనే పోతుంది. అందులోని 0, 1, 2 బిట్లు చిప్ నిద్రలో ఉన్నా క్లాక్‌ను నడిపిస్తాయి. డీబగ్గర్ పీకేశాక స్లీప్ కరెంటు కొలిచి ‘ఇంత ఎక్కువేంటి’ అనుకునేవాళ్లు ముందు ఒకసారి పవర్ తీసి పెట్టి చూడాలి.

ప్రశ్న: మాకు దీనికి వ్యతిరేకం. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగగానే బోర్డు రీసెట్ అయిపోతోంది. పైగా కొత్త ప్రోగ్రామ్ ఎక్కిస్తుంటే మధ్యలో తెగిపోతోంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మొదటిదానికి పైన చెప్పిన 8వ బిట్ పెట్టండి, చిప్‌లోని రెండోదైన విండో వాచ్‌డాగ్ కూడా వాడుతుంటే 9వ బిట్ కూడా. ఎఫ్103 కాకుండా ఎఫ్0, జీ0 రకాలైతే ముందు డీబగ్ బ్లాక్‌కు క్లాక్ ఇవ్వాలి. అది మరిచిపోతే రాసిన విలువ నిలవదు, ఎర్రర్ కూడా రాదు.

రెండోది వేరే సంగతి. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు డీబగ్గర్ ఒక చిన్న లోడర్‌ను ర్యామ్‌లో పెట్టి నడిపిస్తుంది. అంటే కోర్ ఆగి లేదు, నడుస్తోంది. కాబట్టి 8వ బిట్ ఉన్నా వాచ్‌డాగ్ కౌంటర్ తిరుగుతూనే ఉంటుంది. మీ ఫర్మ్‌వేర్ మొదలుపెట్టిన వాచ్‌డాగ్‌ను రీసెట్ తప్ప మరేదీ ఆపలేదు. అందుకని ఎన్‌ఆర్‌ఎస్‌టీ వైరు కలిపి, రీసెట్‌లో పట్టి ఉంచి కనెక్ట్ అయ్యే పద్ధతి ఎంచుకోండి. ఫర్మ్‌వేర్ మొదలవ్వదు, వాచ్‌డాగూ మొదలవ్వదు. ఆప్షన్ బైట్లలో (చిప్ సెట్టింగులు ఉండే చోటు) హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఎంచుకుని ఉంటే ఇది కూడా సరిపోదు. అప్పుడు చిప్ లేవగానే కౌంటర్ మొదలవుతుంది, ఖాళీ ఫ్లాష్‌లో దాన్ని రిఫ్రెష్ చేసేవారుండరు. ప్రయోగ దశ ముగిసేదాకా ఆ ఆప్షన్‌ను సాఫ్ట్‌వేర్ వాచ్‌డాగ్‌గానే ఉంచండి.

ప్రశ్న: బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు చేస్తుంటాను. ఆర్డుయినో నానో, సిమ్800ఎల్ మాడ్యూల్ వాడతాను. కాంటాక్టర్ పడినప్పుడు అప్పుడప్పుడు నానో హ్యాంగ్ అవుతుంటే 2 సెకన్ల వాచ్‌డాగ్ పెట్టాను. ఇప్పుడు ఒకసారి రీసెట్ అయిందంటే 13వ పిన్ ఎల్‌ఈడీ గబగబా మినుకుతూ ఉండిపోతుంది. కరెంటు తీసి పెడితేనే మళ్లీ పని చేస్తుంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వాచ్‌డాగ్ తన పని తాను చేసింది, తప్పు బూట్‌లోడర్‌ది. నానోలో ఉండే ఏటీమెగా328పీలో వాచ్‌డాగ్ రీసెట్ జరిగాక వాచ్‌డాగ్ ఆగిపోదు. రీసెట్ కారణాన్ని రాసి పెట్టే ఎంసీయూఎస్‌ఆర్ రిజిస్టర్‌లో డబ్ల్యూడీఆర్‌ఎఫ్ ఫ్లాగ్ (3వ బిట్) ఉన్నంతసేపూ అది ఆన్‌లోనే ఉంటుంది, అదీ మీరు పెట్టిన 2 సెకన్లతో కాదు, అతి తక్కువైన 16 మిల్లీసెకన్లతో. నానోల్లో వచ్చే పాత బూట్‌లోడర్ ఈ సంగతి పట్టించుకోకుండా ఎల్‌ఈడీ మినికిస్తూ కూర్చుంటుంది. 16 మిల్లీసెకన్లు కాగానే మళ్లీ రీసెట్, మళ్లీ మినుకు. మీ ప్రోగ్రామ్‌కు వంతే రాదు.

దాని బదులు ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ ఎక్కించండి. మరో ఊనో బోర్డులో ‘ఆర్డుయినో యాజ్ ఐఎస్‌పీ’ స్కెచ్ వేసి, ఆ ఊనో రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి (ప్లస్ కాలు రీసెట్ వైపు), నానో ఐఎస్‌పీ పిన్లకు కలిపి బూట్‌లోడర్ బర్న్ చేయొచ్చు. కెపాసిటర్ స్కెచ్ ఎక్కించాకే పెట్టాలి. పాతది 2 కిలోబైట్లు, ఆప్టిబూట్ అరకిలోబైటే. స్థలం కూడా మిగులుతుంది.

బూట్‌లోడర్ లేకుండా నేరుగా ప్రోగ్రామ్ ఎక్కిస్తే ఆ పని మీ కోడ్ చేయాలి. మెయిన్ మొదలయ్యే ముందే, ఇనిట్3 సెక్షన్‌లో ఎంసీయూఎస్‌ఆర్‌ను ఒక వేరియబుల్‌లో దాచి, దాన్ని సున్నా చేసి, వాచ్‌డాగ్‌ను ఆఫ్ చేయండి. వరుస తప్పొద్దు: ఫ్లాగ్ చెరపకుండా ఆఫ్ చేయబోతే ఆఫ్ కాదు. ఆ వేరియబుల్‌ను నో-ఇనిట్ (మొదట్లో సున్నా చేయని) సెక్షన్‌లో పెట్టకపోతే తర్వాతి దశలో అది సున్నా అయిపోతుంది. ఆప్టిబూట్ ఉంటే ఎంసీయూఎస్‌ఆర్ ముందే ఖాళీ అయి ఉంటుంది. అసలు విలువను అది ఆర్2 రిజిస్టర్‌లో పెట్టి ఇస్తుంది.

దాచిన ఆ విలువను చూడండి. 3వ బిట్ ఉంటే నిజంగా హ్యాంగ్ అయింది. 2వ బిట్ ఉంటే సప్లై పడిపోయింది, వాచ్‌డాగ్‌కు దాంతో సంబంధం లేదు. సిమ్800ఎల్ నెట్‌వర్క్‌తో మాట్లాడేటప్పుడు క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య సప్లై కావాలి. మాడ్యూల్ కాళ్ల పక్కనే 1000 మైక్రోఫారడ్, తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్ పెట్టి, నానోకు వేరే రెగ్యులేటర్ ఇవ్వండి.

కాంటాక్టర్ పడినప్పుడూ వదిలినప్పుడూ వచ్చే స్పైకును పుట్టినచోటే ఆపాలి. కాయిల్ మీద నేరుగా 100 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ మీద వాడే రకం) కెపాసిటర్ సిరీస్‌లో కలిపి పెట్టండి. మీ కాయిల్ 415 వోల్టులదైతే మామూలుగా దొరికే 275 వోల్టుల కెపాసిటర్ పనికిరాదు, 440 వోల్టుల ఏసీ రేటింగ్‌ది కావాలి. రెసిస్టర్ కూడా ఆ వోల్టేజీని తట్టుకునేదై ఉండాలి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టండి.

ఇంకో మాట. సిమ్800ఎల్‌కు ఎస్సెమ్మెస్ పంపమని చెప్పాక జవాబు రావడానికి నిమిషం దాకా పట్టొచ్చు. 328పీ వాచ్‌డాగ్ గరిష్ఠంగా 8 సెకన్లే. అక్కడ ఎదురుచూసే లూపులో రిఫ్రెష్ చేస్తూ, మొత్తానికి 60 సెకన్ల సొంత గడువు పెట్టండి. గడువు లేకుండా రిఫ్రెష్ చేసే లూపు రాశారంటే వాచ్‌డాగ్ ఉన్నా లేనట్టే.

వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత మోటారు తనంతట తాను మొదలు కాకుండా చూడండి. రీసెట్‌లో పిన్లన్నీ ఇన్‌పుట్లవుతాయి, రిలే డ్రైవర్ బేస్‌కు 10 కిలోఓమ్ పుల్‌డౌన్ లేకపోతే ఆ క్షణంలో రిలే కొట్టుకోవచ్చు. మోటారు ఆగింది కదా అని రైతు పెట్టె తెరిచి చూస్తుంటాడు. ప్రాణాలతో పని.

ప్రశ్న: ఈఎస్‌పీ32 బోర్డుకు ఎస్‌డీ కార్డ్ కలిపాక సీరియల్ మానిటర్‌లో ఆర్‌టీసీ వాచ్‌డాగ్ రీసెట్, హెక్స్ 10 అని, దాని కింద ఫ్లాష్ రీడ్ ఎర్రర్ అని ఆగకుండా వస్తోంది. లూపులో డిలే పెట్టమని అందరూ అంటున్నారు. పెట్టినా మారలేదు.
— ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: మారదు, ఎందుకంటే మీ ప్రోగ్రామ్ ఇంకా మొదలే కాలేదు. జీపీఐఓ12కు కార్డ్ డేటా లైను కలిపి, దానికి పుల్‌అప్ ఉందేమో చూడండి. చిప్ లేచే క్షణంలో ఆ పిన్ హైగా ఉంటే, ఫ్లాష్‌కు 3.3కు బదులు 1.8 వోల్టులు ఇవ్వాలని ఈఎస్‌పీ32 అనుకుంటుంది. ఫ్లాష్ చదవలేక ఆగిపోతుంది, వాచ్‌డాగ్ రీసెట్ చేస్తుంది, మళ్లీ అదే. కార్డ్ తీసి ఆన్ చేస్తే బూట్ అవుతుందేమో చూడండి. అయితే ఆ లైనును వేరే పిన్‌కు మార్చండి. ఈఫ్యూజ్‌తో ఫ్లాష్ వోల్టేజీని 3.3కు స్థిరపరచే దారి కూడా ఉంది, కానీ ఒకసారి కాల్చిన ఫ్యూజ్ వెనక్కి రాదు.

మీ మిత్రులు చెప్పేది టాస్క్ వాచ్‌డాగ్ గురించి. అది ఐడిల్ టాస్క్‌కు (వేరే పని లేనప్పుడు నడిచేది) 5 సెకన్ల పాటు వంతు రాకపోతే హెచ్చరిస్తుంది. దానికి టాస్క్‌లో ఒక టిక్ డిలే చాలు. ‘యీల్డ్’ చాలదు: ఐడిల్‌ది అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యం, యీల్డ్ చేసినా దానికి వంతు దక్కదు.

ప్రశ్న: బయటి వాచ్‌డాగ్‌గా టీపీఎస్3823 పెట్టాం. దాని రీసెట్ అవుట్‌పుట్ ఎస్‌టీఎం32 ఎన్‌ఆర్‌ఎస్‌టీకి నేరుగా కలిపాం. డీబగ్ చేయనివ్వడం లేదు. చిత్రమేమిటంటే లోపలి వాచ్‌డాగ్ రీసెట్ కూడా పని చేయడం మానేసింది.
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: రెండు వేర్వేరు తప్పులు. బయటి చిప్‌కు మీ కోర్ ఆగిందన్న సంగతి తెలియదు. రిఫ్రెష్ అందుకునే డబ్ల్యూడీఐ పిన్ కదలకపోతే సుమారు 1.6 సెకన్లకు రీసెట్ ఇస్తుంది. అదృష్టవశాత్తూ టీపీఎస్3823లో డబ్ల్యూడీఐ ఏ కనెక్షనూ లేకుండా తేలుతూ ఉంటే వాచ్‌డాగ్ భాగం పని చేయదు. ఆ లైనులో ఒక జీరో ఓమ్ రెసిస్టర్ గానీ జంపర్ గానీ పెట్టుకుంటే డీబగ్ చేసేటప్పుడు తీసేయొచ్చు. ఇదే గుణానికి రెండో వైపు కూడా ఉంది: ఫర్మ్‌వేర్ ఆ పిన్‌ను అవుట్‌పుట్‌గా మార్చకముందే చచ్చిపోతే, పిన్ తేలుతూనే ఉంటుంది, వాచ్‌డాగ్ ఎప్పటికీ లేవదు. కాబట్టి పిన్ సెటప్ కోడ్ మొదటి వరుసల్లోనే ఉండాలి.

రెండోది, టీపీఎస్3823 అవుట్‌పుట్ పుష్-పుల్. అంటే అది ఎన్‌ఆర్‌ఎస్‌టీని గట్టిగా 3.3 వోల్టుల దగ్గర పట్టుకుని ఉంది. ఎస్‌టీఎం32 లోపలి రీసెట్ అదే పిన్‌ను కిందికి లాగాలి, లాగలేకపోతోంది. డీబగ్గర్ రీసెట్ వైరుదీ అదే గతి. కొత్త బోర్డులో ఓపెన్-డ్రెయిన్ (కిందికి మాత్రమే లాగే) అవుట్‌పుట్ ఉన్న టీపీఎస్3828 వాడండి. ఉన్న బోర్డుల్లో ఆ లైను కోసి, బ్యాట్54 లాంటి షాట్‌కీ డయోడ్ పెట్టండి, క్యాథోడ్ టీపీఎస్ వైపు. పైకి లాగడానికి ఎస్‌టీఎం32లోని 40 కిలోఓమ్ పుల్‌అప్ సరిపోతుంది. ఎన్‌ఆర్‌ఎస్‌టీ దగ్గర కెపాసిటర్ 0.1 మైక్రోఫారడే ఉండాలి. ‘గట్టిగా ఉంటుంద’ని 10 మైక్రోఫారడ్ పెడితే లోపలి పల్సు దాన్ని ఖాళీ చేయలేక రీసెట్ సగంలో ఆగుతుంది.

ప్రశ్న: బీగుల్‌బోన్ బ్లాక్ బోర్డును జేట్యాగ్ డీబగ్గర్‌తో బూట్ మొదట్లోనే ఆపితే సుమారు 3 నిమిషాలకు రీసెట్ అవుతోంది. మేం ఏ వాచ్‌డాగూ పెట్టలేదు.
— ఒక పాఠకుడు, పుణే

జవాబు: ఆ బోర్డు ప్రాసెసర్ ఏఎం335ఎక్స్‌లోని బూట్ రోమ్ (చిప్‌లోనే శాశ్వతంగా ఉండే మొదటి ప్రోగ్రామ్) పెట్టింది. అది వాచ్‌డాగ్ 1ను 3 నిమిషాల గడువుతో వదిలి వెళ్తుంది. ఆ తర్వాత నడిచే యూ-బూట్ బూట్‌లోడర్ మొదట్లోనే దాన్ని ఆపుతుంది. మీరు దానికన్నా ముందే ఆపారు. హెక్స్ 44ఈ35048లో హెక్స్ ఏఏఏఏ రాసి, హెక్స్ 44ఈ35034లో 4వ బిట్ సున్నా అయ్యాక హెక్స్ 5555 రాయండి. మళ్లీ మొదలుపెట్టాలంటే అదే తీరున బీబీబీబీ, 4444.

ప్రశ్న: రిఫ్రెష్‌ను టైమర్ ఇంటరప్ట్‌లో పెట్టాను, ఇక మరిచిపోయే ప్రమాదం లేదు కదా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: అలా పెడితే మెయిన్ లూప్ చచ్చినా ఇంటరప్ట్ బతికే ఉండి రిఫ్రెష్ చేస్తూ పోతుంది. ప్రతి టాస్క్ తన వంతు పూర్తయ్యాక ఒక బిట్ పెట్టాలి. అన్ని బిట్లూ ఉంటేనే ఒకే ఒక్క చోట రిఫ్రెష్ చేసి, బిట్లు చెరపాలి.

గడువు లెక్కలో ఆసిలేటర్ తేడా కలపండి. ఎఫ్103లో మీ లూప్ ఎంత ఆలస్యమైనా 1 సెకను దాటదనుకుందాం. 60 కిలోహెర్ట్జ్ చిప్‌లో కూడా 1 సెకను దక్కాలంటే ప్రీస్కేలర్ 32, రీలోడ్ 1874 పెట్టండి. అదే విలువ 40 కిలోహెర్ట్జ్ చిప్‌లో 1.5 సెకన్లు, 30 కిలోహెర్ట్జ్ చిప్‌లో 2 సెకన్లు అవుతుంది. కాబట్టి హ్యాంగ్ అయ్యాక 2 సెకన్ల పాటు అవుట్‌పుట్లు అలాగే ఉండిపోయినా ప్రమాదం లేదా అన్నది కూడా చూసుకోవాలి.

తర్వాత కావాలనే మూడు చోట్ల అంతులేని లూపు పెట్టి పరీక్షించండి: మెయిన్ లూప్‌లో, అత్యధిక ప్రాధాన్యం ఉన్న ఇంటరప్ట్‌లో, ఇంటరప్టులన్నీ ఆపేసిన చోట. డీబగ్గర్ వైర్లు పీకేసి, పవర్ ఒకసారి తీసి పెట్టాకే ఈ పరీక్ష చేయండి. మూడింటిలోనూ బోర్డు లేచి, దాచిన ఫ్లాగ్‌లో వాచ్‌డాగ్ బిట్ కనిపించాలి.